ఇటలీ పల్లెలో పాత విల్లా: ఎవరి కోసం కట్టిన ఇంట్లో దిగాలి?

ఆ మెట్లు 19. నేను లెక్కపెట్టలేదు, మా అత్తగారు లెక్కపెట్టారు. టస్కనీలో పియెంజాకు దగ్గరగా, గుట్ట మీద ఉన్న ఒక రాతి ఇంటికి మేము మూడు కుటుంబాల వాళ్ళం, మొత్తం పదకొండు మందిమి, చేరేసరికి పొద్దు వాలుతోంది. ఫోటోలో చూసిన సైప్రస్ చెట్ల వరుస నిజంగానే ఉంది. ఫోటోలో లేనిది ఒకటే. పడకగదులన్నీ పైన ఉన్నాయి, పైకి వెళ్ళే మెట్లు ఇంటి బయట ఉన్నాయి. ఆ మెట్లకు ఒక పక్క గోడ ఉంది, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ఎక్కిన ఆవిడ, పైకి చేరాక ఊపిరి పీల్చుకుని, "రేపటి నుంచి నన్ను కిందికి పిలవకండి" అన్నారు. వంటగది, భోజనాల బల్ల, ఈత కొలను, సాయంత్రపు కబుర్లు అన్నీ కిందే.

తప్పు ఇంటిది కాదు, మాది. ప్రకటనలో 'చారిత్రక విల్లా' అన్న మాటలు చూసి మురిసిపోయి డబ్బు కట్టేశాం. నిజానికి అది విల్లా కాదు. అక్కడ అలాంటి ఇంటిని కాసా కొలోనికా అంటారు, అంటే సేద్యం చేసే కుటుంబం ఇల్లు. మధ్య ఇటలీలో శతాబ్దాల పాటు మెజ్జద్రియా అనే పద్ధతి నడిచింది. భూమి దొరది, చాకిరీ రైతుది, పంట చెరిసగం. మన పల్లెల్లో పాలుకు చేయడం లాంటిదే. ఆ రైతు ఇంట్లో కింద పశువుల కొట్టం, పైన మనుషులు. చలికాలంలో పశువుల ఒంటి వెచ్చదనం పై గదుల నేలకు తగిలేది. కొట్టంలోంచి నడిచి పైకి వెళ్ళరు కాబట్టి మెట్లు బయట. 1964లో చట్టం కొత్త మెజ్జద్రియా ఒప్పందాలను నిషేధించే నాటికే చాలా కుటుంబాలు పట్నాలకు తరలిపోయాయి. అలా పాడుబడిన ఇళ్ళనే తర్వాత బాగుచేసి, కొట్టాన్ని వంటగదిగా మార్చి, పక్కన కొలను తవ్వి, విల్లా అని పేరు పెట్టి అద్దెకు ఇస్తున్నారు.

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఎన్ని పడకలు, ఎంత పెద్ద కొలను అన్నవి తర్వాత. ఈ ఇల్లు మొదట ఎవరి కోసం, ఏ పనికి కట్టారు అన్నదే మొదటి ప్రశ్న. గోడలకు ఎంత సున్నం వేసినా ఇల్లు తన పాత పని మరచిపోదు. మెట్లు ఎక్కడున్నాయి, నీడ ఎక్కడ పడుతుంది, వంటవాసన ఎటు పోతుంది అన్నవన్నీ నాలుగైదు వందల ఏళ్ళ కిందట తేలిపోయిన సంగతులు. గుంపుగా వెళ్ళి వారం రోజులు ఏ పనీ లేకుండా గడపాలనుకునే వాళ్ళకు అసలు ముఖ్యమైనవి అవే.

దొర విల్లా: గొప్ప ఎక్కువ, స్నానాల గదులు తక్కువ

అసలైన విల్లా అంటే పట్నంలో ఉండే ధనవంతుడు వేసవి గడపడానికి, పంట లెక్కలు చూసుకోవడానికి కట్టుకున్న ఇల్లు. ఈ అలవాటు రోమన్ల నాటిది. అపెనైన్ కొండల పాదాన తనకున్న విల్లా గురించి చిన్న ప్లినీ అనే రోమన్ రచయిత ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, అక్కడ ఉంటే టోగా కట్టుకోవలసిన అవసరమే రాదని సంబరపడ్డాడు. ఆఫీసు బట్టలు విడిచి లుంగీ చుట్టుకున్న సుఖం రెండు వేల ఏళ్ళ కిందటా ఇదే. తర్వాత వెనీస్ ప్రభువులు దీన్ని ఏటా వచ్చే ఋతువులాగా మార్చారు. జూన్ మధ్యలో బయలుదేరి జూలై చివరి దాకా ఒక విడత, మళ్ళీ అక్టోబరు మొదలు నవంబరు మధ్య దాకా ఇంకో విడత పల్లెలోనే మకాం. విల్లెజ్జతూరా అని దానికి పేరు. ఊళ్ళు తిరగడం కాదు, ఒకచోట ఉండిపోవడం. ఐదు రోజుల్లో ఆరు నగరాలు చూపించే యాత్రలకు అలవాటుపడిన మనకు ఆ ఉండిపోవడమే కష్టం.

ఈ రకం ఇంటికి నేను రెండు ప్రాంతాలు సూచిస్తాను. మొదటిది వెనెతో, అంటే వెనీస్ చుట్టుపక్కల ప్రాంతం. ఆంద్రేయా పల్లాదియో (1508–1580) రూపకల్పన చేసిన విల్లాల్లో 24 ఈనాడు విచెంజా నగరంతో కలిసి యునెస్కో జాబితాలో ఉన్నాయి. వాటిలో విల్లా రోతొందా, మాజెర్ ఊళ్ళోని విల్లా బార్బరో లాంటివి టికెట్ కొని చూసి రావలసినవి. బస చేయడానికి దొరికే వాటికి మంచి ఉదాహరణ విచెంజాకు దక్షిణాన పొలాల మధ్య ఉన్న విల్లా సరచేనో. బ్రిటన్‌లోని లాండ్‌మార్క్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ దాన్ని బాగుచేయించి 16 మందికి సరిపడేలా అద్దెకు ఇస్తోంది.

పల్లాదియో విల్లాను అర్థం చేసుకోవడం తేలిక. మధ్యలో దొర ఇల్లు నేలకు ఎత్తుగా ఉంటుంది. వెడల్పాటి మెట్లెక్కితే పియానో నోబిలే, అంటే అతిథులను కూర్చోబెట్టే ప్రధాన అంతస్తు. దాని కింద వంటగది, సరుకుల గదులు. అన్నిటికీ పైన అటకలో ధాన్యం. ఇంటికి రెండు పక్కలా చేతులు చాచినట్టు పొడవాటి వసారాలు, వాటి పేరు బార్కెస్సా. బళ్ళు, ఎండుగడ్డి, పనిముట్లు అక్కడ ఉండేవి. దొర ఇంటి గొప్పంతా పియానో నోబిలేలో ఉంటే, సుఖమంతా బార్కెస్సాలో ఉంది. నేలమట్టానికి ఉంటుంది, లోతైన నీడ ఉంటుంది, చాలాచోట్ల దక్షిణం వైపు చూస్తుంది. పెద్దవాళ్ళ గది బార్కెస్సాలో దొరికే విల్లా అయితే నిశ్చింతగా తీసుకోండి. కుడ్యచిత్రాల గది తమకే కావాలని ఇద్దరు బావమరుదులు పోటీ పడితే మాత్రం చీటీలు వేయడమే మార్గం. ఆ గదుల్లో కప్పు అంత ఎత్తున ఉంటుంది కాబట్టి గురక ప్రతిధ్వనిస్తుందని కూడా చెప్పి మరీ వేయండి.

వెనెతోకు ఉన్న లోపం దోమలు. మైదానం, కాలువలు, వరి పొలాలు. మన గోదావరి జిల్లాల వాళ్ళకు చెప్పనక్కరలేదు. పాత ఇళ్ళ కిటికీలకు చెక్క తలుపులే తప్ప జాలీ ఉండదు చాలాచోట్ల. దోమతెర ఉందా అని రాసి అడగండి, సిగ్గుపడకండి.

రెండోది లుక్కా. పట్టు వ్యాపారంలో సంపాదించిన కుటుంబాలు ఆ ఊరి ఉత్తరాన కొండవాలుల్లో విల్లాలు కట్టించాయి. మార్లియాలోని విల్లా రియాలేను నెపోలియన్ చెల్లెలు ఎలీసా కొని మార్పులు చేయించింది. ఆ తోటలకు టికెట్ కొని ఒక పూట వెళ్ళి, చుట్టుపక్కల ఉన్న చిన్న విల్లాల్లో బస చేయవచ్చు. పీసా విమానాశ్రయం కారులో సుమారు అరగంట. లుక్కా కోటగోడ మీద నడకదారి ఉంది, పిల్లలు సైకిళ్ళు తొక్కవచ్చు. అత్తమామలను, చంటిపిల్లలను వెంటబెట్టుకుని మొదటిసారి వెళ్తున్న గుంపుకు టస్కనీలో ఏ ఊరని నన్నడిగితే లుక్కానే అంటాను. అందరూ ఫోటోలు పెట్టే, పియెంజా దగ్గరి వాల్ దోర్చా లోయ అనను.

అసలు ఇల్లు అద్దెకు తీసుకునే తలనొప్పే వద్దనుకుంటే విల్లా పక్కన హోటల్ అనే దారి ఉంది. ఫ్లోరెన్స్‌కు పడమర ఆర్తిమీనోలో మెదిచి ప్రభువు ఫెర్దినాందో కోసం వాస్తుశిల్పి బువొంతలెంతి 1596లో మొదలుపెట్టి కట్టిన విల్లాను దాని పొగగొట్టాలను బట్టి నూరు పొగగొట్టాల విల్లా అంటారు. ఒకప్పుడు ప్రభువు సేవకులు ఉన్న పక్క భవనంలో ఇప్పుడు హోటల్ నడుస్తోంది. పొద్దున్నే ఎవరో ఒకరు కాఫీ ఇస్తారు. కానీ రాత్రి పదకొండింటికి ఎవరికో ఆకలేస్తే ఉప్మా కలపడానికి పొయ్యి ఉండదు. గుంపు సెలవుకు ఆ పొయ్యి ఎంత ముఖ్యమో ముందు ముందు చెబుతాను.

కళ్ళం ఉన్న ఇల్లు

అంత తిట్టాను కాబట్టి కాసా కొలోనికా వద్దంటానని అనుకోకండి. ముప్ఫైలు, నలభైల్లో ఉన్న స్నేహితులు ఏడెనిమిది మంది వెళ్తుంటే దీనికి సాటి లేదు. గది నుంచి కనిపించే కొండలు వేరే ఇళ్ళలో దొరకవు, ఎందుకంటే పొలం మీద కన్ను వేసి ఉంచడానికే ఇంటిని గుట్ట మీద కట్టారు. వాల్ దోర్చా లోయ 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉందంటే ఏ ఒక్క భవనాన్నో చూసి కాదు, ఆ గుట్టలు, ఇళ్ళు, దారులు కలిసిన మొత్తం దృశ్యాన్ని చూసి.

ఈ ఇంటి ముందు రాయో ఇటుకో పరిచిన చదును నేల ఉంటుంది. దాన్ని ఆయా అంటారు. అచ్చంగా మన కళ్ళం. గోధుమ నూర్చి ఆరబోసిన చోటు. ఇప్పుడు అక్కడ పొడవాటి బల్ల, పన్నెండు కుర్చీలు వేసి ఫోటో తీసి పెడతారు. ఆ ఫోటో తీసినది సాయంత్రం ఏడింటికి అని గుర్తుంచుకోండి. ధాన్యం ఎండాలని కదా కళ్ళం వేసింది, అక్కడ నీడ ఎక్కడి నుంచి వస్తుంది? జూలై మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద కాలు పెట్టలేం. మా పదకొండు మందిమీ మూడింటి నుంచి ఆరింటి దాకా మెట్ల కిందున్న కాస్త నీడలో వరుసగా, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాం. అదే రాత్రి తొమ్మిదికి, పగటి వేడి ఇంకా రాళ్ళలో మిగిలి ఉండగా, అందరం ఆ బల్ల చుట్టూ చేరినప్పుడు లేవబుద్ధి కాలేదు. అత్తగారిని మాత్రం ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని దింపాల్సి వచ్చింది.

అందుకే నా రెండో ప్రశ్న: మధ్యాహ్నం మూడింటికి మన వాళ్ళందరూ ఎక్కడ కూర్చుంటారు? పందిరి ఉందా, ద్రాక్ష తీగ పాకిందా, మెట్ల పైన లోజ్జా అనే కప్పున్న వసారా ఉందా, అందులో నలుగురికి చోటుందా పన్నెండు మందికి ఉందా? కొలను పక్క గొడుగులు దీనికి జవాబు కాదు.

దారి సంగతి కూడా ఇక్కడే. ఇలాంటి ఇళ్ళకు చివరి రెండు మూడు కిలోమీటర్లు స్ట్రాదా బియాంకా, అంటే తెల్లటి కంకర దారి. అందంగానే ఉంటుంది, చీకటి పడ్డాక మాత్రం కాదు. తొమ్మిది సీట్ల వ్యాను అద్దెకు తీసుకుని అందరం ఒకే బండిలో పోదామని ఉబలాటపడతాం. గేటు వెడల్పు ఎంతో కనుక్కున్నాకే ఆ పని చేయండి. నా సలహా రెండు చిన్న కార్లు. ఒక కారు నిద్రపోయే వాళ్ళకు, ఒక కారు ఊరు చూసే వాళ్ళకు.

మస్సెరియా: పెద్దలకు, పసివాళ్ళకు

ఇటలీ మడమ భాగం పూల్యా. అక్కడి మస్సెరియాలు కోటలాంటి పొలం ఇళ్ళు. 1480లో ఒట్టోమన్ సేన ఒత్రాంతో పట్టణాన్ని పట్టుకున్న భయం, ఆ తర్వాత కూడా ఆగని సముద్రపు దొంగల దాడులు కలిసి ఆ ఇళ్ళకు ఎత్తైన గోడలు, కావలి బురుజు, ఒకే ఒక పెద్ద ద్వారం తెచ్చిపెట్టాయి. లోపల చతురస్రంగా పెరడు, దాని చుట్టూ గదులు, పశువుల కొట్టాలు, ఒక చిన్న ప్రార్థనామందిరం, కొన్నిచోట్ల రాతిలో తొలిచిన నూనె గానుగ. మన మండువా లోగిలి చూసిన వాళ్ళకు ఆ పెరట్లో అడుగుపెట్టగానే తెలిసిన చోటికి వచ్చినట్టు ఉంటుంది.

ఆ భయం వల్ల పుట్టిన కట్టడమే ఈ రోజు గుంపుకు కలిసొచ్చింది. చాలా గదులు పెరటి మట్టానికే ఉంటాయి, మెట్లు ఉండవు. పసివాడు ఎటు పరుగెత్తినా గోడ దాటి పోలేడు. ఏదో ఒక గోడ నీడ ఎప్పుడూ పడుతుంది. సున్నం కొట్టిన మందపాటి గోడలు, విల్లులా వంగిన రాతి కప్పు లోపల చల్లగా ఉంచుతాయి. ఓస్తూని, ఫజానో మధ్య అయితే సముద్రం దగ్గర, 1996లో యునెస్కో గుర్తించిన అల్బెరోబెల్లో శంఖు కప్పుల ఇళ్ళు దగ్గర. బారీ, బ్రిందిసి అని రెండు విమానాశ్రయాలు.

నచ్చనివి కూడా చెప్పాలి. ఎత్తు గోడల వల్ల గాలి ఆడదు, ఆగస్టు రాత్రి పెరడు పొయ్యిలా ఉంటుంది. నేల చదును కాబట్టి టస్కనీ కొండల దృశ్యం ఆశించకండి. కనుచూపు మేర ఆలివ్ చెట్లే. ఇంకా దక్షిణాన సలెంతో వైపు వెళ్తే, 2013లో బయటపడిన జైలెల్లా అనే తెగులుకు మోడువారిన తోటలు మైళ్ళ కొద్దీ కనిపిస్తాయి. పాత ఫోటోలు చూసి ఆ పచ్చదనం కోసం వెళ్ళిన వాళ్ళకు మనసు చివుక్కుమంటుంది. ఫజానో, మొనోపొలీ చుట్టుపక్కల ఉన్న పురాతన ఆలివ్ మైదానమే నయం.

ఇక నాలుగోది బోర్గో, అంటే చిన్న పల్లె మొత్తాన్ని బాగుచేసి అపార్ట్‌మెంట్లుగా ఇచ్చేవి. ఉంబ్రియాలో, టస్కనీలో చాలా ఉన్నాయి. దీని గురించి ఎక్కువ చెప్పను. కుటుంబానికో తలుపు, కుటుంబానికో వంటగది. మీ గుంపులో పొద్దున ఐదింటికి లేచి మిక్సీ వేసే వాళ్ళూ, పదింటి దాకా పడుకునే వాళ్ళూ ఉంటే బోర్గో మీ బంధుత్వాలను కాపాడుతుంది. కానీ ఒకే కప్పు కింద ఉన్న కళ రాదు. రెండో రోజు నుంచి ఎవరి టీ వాళ్ళు తాగుతారు.

వంటింట్లో తేలే సంగతి

రెండో రాత్రి మా ఇంట్లో ఒకేసారి ఓవెన్‌లో బంగాళదుంపలు, పొయ్యి పక్కన రైస్ కుక్కర్, పైన రెండు ఏసీలు. టక్కుమని చీకటి. ఫోను వెలుగులో ఇల్లంతా వెతికితే ఫ్యూజు పెట్టె ఇంటి వెనక, సారా పీపాల గదిలో దొరికింది. ఇటలీలో మామూలు ఇంటి కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లు. ఓవెన్ ఒక్కటే సుమారు 2 తినేస్తుంది, రైస్ కుక్కర్ దాదాపు 1. ఏసీకి ఇంకేం మిగులుతుంది? పది మంది పైన ఉండే ఇంటికి కనీసం 6 కిలోవాట్లు ఉండాలని నా లెక్క. ఇంటి వాళ్ళను అంకెతో సహా అడగండి. 'అన్నీ బాగానే పనిచేస్తాయి' అంటే అది జవాబు కాదు. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు కాబట్టి అడాప్టరు మరచిపోకండి. వంట మాత్రం ఎక్కువగా గ్యాసు పొయ్యి మీదే, కుక్కరు విజిల్ వేయడానికి ఏ ఇబ్బందీ లేదు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి సామానులో తీసుకెళ్ళడం నిషిద్ధం. నెయ్యి సీసా, పాలకోవా, మాంసం పచ్చళ్ళు ఇంట్లోనే వదలండి. పచ్చి కరివేపాకు కూడా అంతే, మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా పోనివ్వరు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి వెళ్తాయి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, అది అక్కడి పాత అలవాటు. మొదటి ముద్దకు అందరూ ముఖం చిట్లించారు. మూడో రోజుకు ఆ చప్పటి రొట్టె, ఆవకాయ కలిపి తినడం ఇంట్లో పెద్ద వేడుకైంది.

తిండిని బట్టి ప్రాంతం ఎంచుకోవడం తప్పేమీ కాదు. గుంపులో శాకాహారులు సగం పైన ఉంటే పూల్యాకే నా ఓటు. ఫావా గింజలను వెన్నలా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, మీద ఆలివ్ నూనె పోసి ఇస్తారు. పప్పు, ఆకుకూర తిన్న తృప్తి దొరుకుతుంది. టస్కనీలో పీచి అనే లావాటి సేమ్యాను చాలాచోట్ల గుడ్డు లేకుండా పిండి, నీళ్ళతోనే చేస్తారు. వెల్లుల్లి, టమాటా పులుసుతో అడగండి. వెనెతోలో పొలెంటా ఉంది, అంటే మొక్కజొన్న సంకటి. రాయలసీమ వాళ్ళు వెంటనే చుట్టాలైపోతారు. వెరోనా వైపు పండే గుండ్రటి బియ్యం పొడి అన్నానికి పనికిరాదు కానీ పెరుగన్నానికి ఎంత బాగుంటుందో. చీజ్ విషయంలో ఒక మాట. పార్మిజానో రెజ్జానో తయారీలో పాలు తోడుకోవడానికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, పాత పద్ధతి చీజ్‌లు చాలావరకు ఇంతే. నిష్ఠగా ఉండేవాళ్ళకు ఇది ముందే తెలియాలి, తిన్నాక కాదు.

వంట మనిషిని పెట్టుకోవాలా? వారంలో రెండు రాత్రులు పెట్టుకోండి. ప్రతి పూటా మనమే వండితే ఆడవాళ్ళకు సెలవు ఉండదు. ఇది ఎవరూ పైకి అనరు, ఐదో రోజున పళ్ళేల చప్పుడులో వినిపిస్తుంది. పొలం వాళ్ళే అతిథులను ఉంచుకుని వండిపెట్టే అగ్రితూరిజ్మో ఇంకో దారి. దానికి 1985 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది, నిజంగా సేద్యం చేసేవాళ్ళే నడపాలి. తిండి బాగుంటుంది. వేరే కుటుంబాలతో కొలను పంచుకోవాలి.

ఎప్పుడు, ఎంతకు

పాత ఇళ్ళను ఎక్కువగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు. సాయంత్రం చేరి, ఆదివారం పల్లె దుకాణం మూసి ఉంటే పస్తే. దారిలోనే సూపర్‌మార్కెట్‌లో ఆగి పాలు, బియ్యం, ఉల్లిపాయలు కొనుక్కుని మరీ ఇల్లు చేరండి.

మే చివర, జూన్, సెప్టెంబరు మొదటి సగం మంచివి. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండుగ చుట్టూ దేశమంతా సెలవులోనే ఉంటుంది, అద్దెలు ఆకాశంలో ఉంటాయి. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట మొదలవుతుంది. తెల్లారగట్ల తుపాకీ చప్పుడు వింటే కంగారు పడకండి. మంగళ, శుక్రవారాలు వేట నిషేధం, పొలాల వెంట నడకలు ఆ రోజులకు పెట్టుకోండి. అక్టోబరులో అద్దె తక్కువ, ద్రాక్ష, ఆలివ్ కోతలు చూడవచ్చు. కానీ రాతి ఇల్లు చల్లబడితే వేడెక్కదు. ఫ్లోరెన్స్ ఉన్న వాతావరణ మండలంలో ఇంటి హీటింగ్‌కు సాధారణంగా అనుమతించే కాలం నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 12 గంటలు. అక్టోబరు చివర వెళ్తే నిప్పుగూడు పనిచేస్తుందా, కట్టెలు ఎవరివి అని అడిగి వెళ్ళండి.

అద్దె లెక్క ఇలా వేయండి. వారానికి 6,000 యూరోల ఇంట్లో 12 మంది ఉంటే మనిషికి రోజుకు సుమారు 71 యూరోలు. హోటల్ కంటే నయమనిపిస్తుంది. దాని మీద చివరి రోజు శుభ్రం చేసే ఖర్చు, మీటరు ప్రకారం ఏసీ లేదా హీటింగ్, మనిషికి రాత్రికి ఇంతని ఊరు వేసే పర్యాటక పన్ను, తిరిగి వచ్చే పూచీ సొమ్ము కలుస్తాయి. ఇంకో మెలిక ఉంది. '14 మందికి' అన్న ఇంట్లో ఇద్దరు సోఫా మీద పడుకునే వాళ్ళు కావచ్చు. మనుషులను కాదు, తలుపులున్న పడకగదులను లెక్కపెట్టండి, తర్వాత స్నానాల గదులను. దొర విల్లా కట్టిన కాలంలో స్నానాల గది అనేదే లేదు, ఇప్పుడున్నవి గోడ మందంలోనో బట్టల గదిలోనో ఇరికించినవి.

మోసాల నుంచి కాపాడుకోవడానికి ఒక సులువైన ఆధారం ఉంది. 2025 జనవరి 1 నుంచి పర్యాటకులకు అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ సిఐఎన్ అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి, ప్రకటనలో కూడా చూపాలి. అది లేని ఇంటికి అడ్వాన్సు పంపకండి. చేరాక పాస్‌పోర్టులు అడిగితే అనుమానించనక్కరలేదు, 24 గంటల్లో పోలీసులకు అతిథుల వివరాలు పంపడం వాళ్ళ బాధ్యత. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి, అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా సరే. బుకింగ్ ఒకరి పేరు మీదే ఉంటుంది కాబట్టి, అందరి పేర్లూ రాసిన ధ్రువీకరణ పత్రం ఇంటి వాళ్ళ దగ్గర ముందే తీసుకోండి. కారు నడిపేవాళ్ళు ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకోవాలి. ఫ్లోరెన్స్, సియెనా, లుక్కా పాత పట్టణాల్లోకి బయటి కార్లు రాకుండా కెమెరాలు పెట్టారు. తెలియక దూరితే జరిమానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. మా గుంపుకు రెండు వచ్చాయి, ఒకే వీధికి. మీలో నడిపేవాళ్ళు ఎవరూ లేకపోతే విచెంజా లేదా లుక్కా అంచుల్లో ఇల్లు చూసుకోండి, రెండు ఊళ్ళకూ రైలు ఉంది. వాల్ దోర్చా, పూల్యా పల్లెలు కారు లేకుండా కుదరవు.

వచ్చే జూన్‌కు మళ్ళీ బయలుదేరుతున్నాం, ఈసారి పన్నెండు మందిమి. ఐదు ఇళ్ళ వాళ్ళకు ఒకే ఉత్తరం రాశాను. కింది అంతస్తులో పడకగది ఉందా, కరెంటు ఎన్ని కిలోవాట్లు, మధ్యాహ్నం మూడింటికి కూర్చునే చోటు ఫోటో తీసి పంపగలరా అని. ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఇద్దరు ఈత కొలను ఫోటో పంపారు. ఫజానో దగ్గరి మస్సెరియా యజమానురాలు మాత్రం ఒక చిన్న వీడియో పంపింది. పెరట్లో అత్తిచెట్టు, దాని కింద పొడవాటి రాతి అరుగు, అరుగు మీద ఒళ్ళంతా చాచుకుని నిద్రపోతున్న పిల్లి. మూలన గోడ గడియారంలో మూడూ పది. అడ్వాన్సు ఆ ఇంటికే పంపాం. అరుగు పక్క గది అత్తగారిది.